తప్పు బ్యాటరీది కాదు!

ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకొచ్చే ఉద్యోగం నాది. ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాది తెనాలి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టె వెనక కట్టుకుని మోటారుసైకిల్ మీద బయల్దేరతాను. ఏడున్నరకల్లా పది పన్నెండు ఇళ్ళు తిరిగి శాంపిళ్ళతో ల్యాబుకి చేరిపోవాలి. ఎక్కువగా పరగడుపున చేసే సుగరు పరీక్షలే. అవతలివాళ్ళు కాఫీ చుక్క కూడా ముట్టకుండా, ఎప్పుడొస్తానా అని గుమ్మంలోనే కూర్చుని ఉంటారు.

"మోటారుసైకిలా? స్కూటీ కొనుక్కోకపోయావా?" అని అడగనివాళ్ళు లేరు. ఆ బండి మా నాన్నది. 2018లో కొన్నారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇక నడపలేనన్నారు. అమ్ముకోవడానికి మాత్రం మనసొప్పలేదు. "నీకైతే పనికొస్తుంది, తీసుకెళ్ళమ్మా" అన్నారు. మొదటి వారం రోజులూ మా అత్తగారు వీధి గుమ్మంలోకి రావడమే మానేశారు, ఎవరేం అడుగుతారోనని! అయినా ఆ బండి వచ్చాకే నా సంపాదన పెరిగింది. బస్సులు వెళ్ళని వేళకి, బస్సులు వెళ్ళని ఊళ్ళకి నేను వెళ్ళగలిగాను.

అలాంటి బండి నన్ను ఆర్నెల్లపాటు ఏడిపించింది. చివరికి తేలిన లోపం ఖరీదు నూట ఎనభై రూపాయలు. ఈలోగా నేను పోగొట్టుకున్నది మాత్రం చాలానే ఉంది. ఆ కథే ఇది.

"బ్యాటరీ పోయిందమ్మా!"

2023 జూన్‌లో ఒకరోజు సెల్ఫ్ నొక్కితే 'టక్ టక్'మని ఊరుకుంది. హారన్ చూస్తే పిల్లి పిల్ల గొంతులా ఉంది. నెట్టుకుంటూ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. బండి వంక చూసి, "బ్యాటరీ పోయిందమ్మా" అన్నాడు. ఐదేళ్ళ బ్యాటరీ కదా, పోయి ఉంటుందిలే అనుకున్నాను. పదహారొందలు పెట్టి కొత్తది వేయించాను.

దసరా వెళ్ళిన కొద్దిరోజులకే మళ్ళీ అదే 'టక్ టక్'. వారంటీ కార్డు పట్టుకుని బ్యాటరీ కొన్న షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు దాన్ని పరీక్షించి, "ఇది అడుగంటిపోయిందండీ. మీ బండిలో ఛార్జింగ్ సరిగ్గా లేదు. బండి లోపం వల్ల పోతే వారంటీ వర్తించదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారంటీ ఎగ్గొట్టడానికే సాకు చెబుతున్నాడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆర్నెల్లలో నాకు నిజం చెప్పింది ఆ కుర్రాడొక్కడే! కోపంలో నేను ఆ మాట వినిపించుకోలేదు. మరో పదిహేడొందలు పెట్టి రెండో బ్యాటరీ కొన్నాను.

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు కూతవేటు దూరమేగా! రెండు రోజులు కుండపోత. పంచలో పెట్టిన బండి కూడా తడిసి ముద్దయింది. తరవాతి వారం, తెల్లవారుజామున ఐదూ పది, కొల్లిపర రోడ్డు. అటూ ఇటూ నీళ్ళు నిలిచిన వరిచేలు. ముందుగా హెడ్‌లైటు వెలుగు తేనె రంగులోకి మారింది. తరవాత ఎర్రబడింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ లేదు. ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

ఆ చీకట్లో ఒంటరిగా నిలబడ్డప్పుడు ఏమనిపించిందో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? దూరంగా లైటు కనిపిస్తే సంతోషించాలో భయపడాలో తెలీని పరిస్థితి. ఆ వచ్చింది పాలబండి అతను కావడం నా అదృష్టం. ఫోను టార్చి వెలుగులో దారి చూపిస్తూ, రెండు కిలోమీటర్లు నా వెనకే నెమ్మదిగా వచ్చాడు.

నేను కొల్లిపర చేరేసరికి ఎనిమిదిన్నర. నా కోసం పరగడుపున కూర్చున్న డెబ్భై ఏళ్ళ తాతగారికి అప్పటికే చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. మామ్మగారు కంగారుపడి గ్లాసుడు చక్కెర నీళ్ళు తాగించారు. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. పరీక్ష మాత్రం ఆ రోజుకి లేనట్టే. "పోన్లే తల్లీ, బండన్నాక ఆగదా?" అన్నారాయన. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయనేమైనా తిడితే బావుండుననిపించింది.

ల్యాబ్ సారు తిట్టలేదుగానీ తేల్చి చెప్పేశారు. "నెలాఖరులోగా బండి సంగతి చూసుకోండి. లేకపోతే ఆ రూటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది." ఇంట్లో అత్తగారు అందుకున్నారు. "ఆ బండి అమ్మేసి, హాయిగా ల్యాబులోనే కూర్చుని పనిచేసుకోరాదూ?" ల్యాబులో కూర్చుంటే నాకొచ్చేది ఇప్పుడొచ్చేదాంట్లో సగం. అమ్మాయి పదో తరగతిలో ఉంది. వచ్చే ఏడు కాలేజీ ఫీజులు కట్టాలి.

"మీ ఆయన్ని పంపించమ్మా"

మెకానిక్కు ఈసారి పెద్ద లెక్కే చెప్పాడు. "లోపల కాయిల్ పోయినట్టుంది. ఆర్‌ఆర్ యూనిట్ కూడా మార్చేద్దాం. ఇంజిన్ సైడు కవరు విప్పాలి. అన్నీ కలిపి ఐదు వేలవుతుంది."

"కాయిలే పోయిందని ఎలా తెలిసింది?" అని అడిగాను.

"అవన్నీ మీకు అర్థం కావులే. మీ ఆయన్ని పంపించమ్మా, చెబుతాను."

మావారు బట్టల కొట్లో పనిచేస్తారు. చీర పట్టుకుంటే చాలు, ఏ ఊరి నేతో చెప్పేస్తారు. స్పానరు ఎటు తిప్పితే బోల్టు ఊడుతుందో మాత్రం ఈనాటికీ తెలీదు. పాపం వెళ్ళారు. వెళ్ళి తలూపి వచ్చారు. "ఐదు వేలట" అన్నారు. అది నాకూ తెలుసు!

ఆ మెకానిక్కు చెడ్డవాడు కాదు. రోజుకి ఇరవై బండ్లు చూస్తాడు. అందరూ అరగంటలో కావాలంటారు. అనుమానం వచ్చిన సామాను మార్చేయడం అతనికి అలవాటై ఉంటుంది. కాకపోతే అతని అనుమానానికి డబ్బు కడుతున్నది నేను!

మా నాన్నకి ఫోను చేస్తే, "ముందు ఎలక్ట్రికల్ పనివాడికి చూపించమ్మా. మెకానిక్కు వేరు, కరెంటు పనివాడు వేరు" అన్నారు. కాలవగట్టు మీద ఒక పెద్దాయన ఆటోలకీ ట్రాక్టర్లకీ వైరింగ్ పని చేస్తుంటారు. ఆయన దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పుకున్నాను.

అంతా విని, "నువ్వేం పని చేస్తావమ్మాయ్?" అన్నారు.

"రక్తపరీక్షలండీ, బాబాయిగారూ."

"సుగరు ఎంతుందో చూడకుండానే మీ డాక్టర్లు మందు మార్చేస్తారా?"

"అదెలా మారుస్తారండీ!"

"మరి నువ్వు రెండు బ్యాటరీలు ఎలా మార్చావ్?"

నోట మాట రాలేదు. పదిహేనేళ్ళుగా పరీక్షలే బతుకుగా ఉన్నదాన్ని, నా బండికి ఒక్క పరీక్షా చేయించలేదు!

బండిలో కరెంటు కథ

ఆయన నాకు సంగతంతా నీళ్ళ ట్యాంకుతో పోల్చి చెప్పారు. మనందరికీ తెలిసిన వ్యవహారమే కదా!

బ్యాటరీ అంటే మేడ మీద ట్యాంకు. అది నీళ్ళు పుట్టించదు, దాచిపెడుతుంది. నీళ్ళు తోడే మోటారు వేరే ఉంది. అదే ఇంజిన్ పక్కన కవరు లోపల ఉండే స్టేటర్ కాయిల్. రాగి తీగ చుట్టలు కదలకుండా ఉంటే, వాటి చుట్టూ అయస్కాంతాలున్న చక్రం ఇంజిన్‌తోపాటు తిరుగుతుంది. అలా తిరిగినప్పుడు తీగలో కరెంటు పుడుతుంది. మా అమ్మాయి ఇది వినగానే, "మా పాఠంలో ఉందమ్మా! 1831లో ఫారడే కనిపెట్టాడు" అంది. పుస్తకంలో చదివింది మన పంచలోనే ఉందని తెలిసి దానికి ఎంత సంబరమో!

కాయిల్లో పుట్టేది మనింట్లో కరెంటులాంటి ఏసీ. బ్యాటరీకి కావలసింది డీసీ. ఏసీని డీసీగా మార్చడం, అది హద్దు దాటకుండా చూడటం, ఈ రెండు పనులూ ఆర్‌ఆర్ యూనిట్‌వి. రెక్టిఫయర్, రెగ్యులేటర్ రెండూ కలిసిన చిన్న డబ్బా అది. ట్యాంకు పొంగిపోకుండా బాలు వాల్వు ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. ఈ మూడింటినీ కలిపేవి వైర్లు. వైర్లను ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ బిళ్ళల్ని కప్లర్లంటారు.

ఇప్పుడు చెప్పండి, మోటారు సరిగ్గా తోడకపోయినా, పైపు మధ్యలో పూడుకుపోయినా ట్యాంకు ఖాళీ అవుతుంది. అప్పుడు ట్యాంకు మారిస్తే ఏం లాభం? కొత్త ట్యాంకు నిండుగా వస్తుంది కాబట్టి కొన్నాళ్ళు నడుస్తుంది. మనం బాగైందనుకుంటాం. నాకు జరిగింది సరిగ్గా ఇదే!

ఇంకో సంగతి కూడా ఉంది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా వచ్చే రెండు చక్రాల బండ్లకి ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆపే స్విచ్చే లేదు. నా బండి హెడ్‌లైటు 35 వాట్లు. అంటే సుమారు 3 ఆంపియర్లు. నా బ్యాటరీ 9 ఆంపియర్-అవర్లది. ఛార్జింగే లేకపోతే, నిండు బ్యాటరీని ఆ లైటొక్కటే మూడు గంటల్లో తాగేస్తుందన్నమాట. పైగా ప్రతి ఇంటి ముందూ బండి ఆపడం, మళ్ళీ సెల్ఫ్ కొట్టడం. పొద్దున్నే పన్నెండుసార్లు!

బ్యాటరీ ఖాళీగా ఎక్కువ రోజులుంటే లోపలి పలకల మీద గట్టి పొర కట్టేస్తుంది. ఆ తరవాత ఛార్జి పెట్టినా నిలవదు. నా జూన్ బ్యాటరీ అలాగే పోయింది. అది చంపబడిందేగానీ, తనంతట తాను చచ్చిపోలేదు.

మూడొందల మీటరు, నాలుగు అంకెలు

పెద్దాయన పని తనే చేసెయ్యలేదు. "ఒక మల్టీమీటరు కొనుక్కురా, నీ చేతే చేయిస్తాను" అన్నారు. పసుపు రంగు చిన్న మీటరు మూడొందలకి దొరికింది. ముందురోజు రాత్రి ఆయన షాపులోనే బ్యాటరీకి నెమ్మదిగా ఛార్జి పెట్టాం. పొద్దున్నే సీటు తీసి కూర్చున్నాను. అంకెలు రాయడానికి మా అమ్మాయి నోటుబుక్కుతో తయారు.

మీటరుని డీసీ వోల్టులు 20 దగ్గర పెట్టాలి. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్సుకి, నల్ల తీగ మైనస్సుకి.

మొదటి అంకె: బండి ఆపి, రాత్రంతా కదపకుండా ఉంచి చూడాలి. 12.6కి అటూ ఇటూగా ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే కొంత తగ్గినట్టు. 12, అంతకన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. నాకు 12.7 వచ్చింది.

రెండో అంకె: సెల్ఫ్ నొక్కుతూ చూడాలి. ఆ క్షణంలో వోల్టేజి పడిపోవడం మామూలే. 9.6 కన్నా కిందికి జారిపోతే బ్యాటరీని అనుమానించాలి. నాది 10.4 దగ్గర ఆగింది. అంటే రెండో బ్యాటరీ బతికే ఉంది!

మూడో అంకె: ఇంజిన్ స్టార్టు చేసి, న్యూట్రల్లో ఆక్సిలరేటరు కొంచెం పెంచాలి. అప్పుడు మీటరు 13.8 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. అసలు పరీక్ష ఇదే. ఎక్కితే ఛార్జింగ్ బావున్నట్టు. 15 దాటిపోతే ఆర్‌ఆర్ యూనిట్ అదుపు తప్పినట్టు. అలాగే వదిలేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు మాడిపోతాయి. పైకి ఎక్కకుండా అక్కడక్కడే తచ్చాడుతుంటే ఛార్జింగ్ అందడంలేదని అర్థం. నాది 12.8 దగ్గర ఆగిపోయింది. ఎంత ఆక్సిలరేటరు ఇచ్చినా అంతే.

"దొరికిందమ్మాయ్! జబ్బు బ్యాటరీది కాదు" అన్నారు పెద్దాయన.

నాలుగో అంకె కాయిల్‌ది. స్టేటర్ నుంచి ఆర్‌ఆర్ యూనిట్‌కి వెళ్ళే కప్లర్ ఊడదీస్తే నా బండిలో మూడు పసుపు వైర్లున్నాయి. కొన్ని బండ్లలో వైర్ల సంఖ్యా, రంగులూ వేరుగా ఉంటాయి. మీటరుని ఏసీ వోల్టులు 200 దగ్గరికి మార్చి, ఇంజిన్ వేగం పెంచి, ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ ఇలా జతలుగా కొలవాలి. అంకె ఎంత రావాలన్నది ఏ బండికి ఆ బండే. మూడు జతలూ ఇంచుమించు సమానంగా ఉండటం ముఖ్యం. నాకు 52, 51, 52 వచ్చాయి. ఇంజిన్ ఆపేశాక పసుపు వైరుకీ ఇంజిన్ లోహానికీ మధ్య కరెంటు దారి ఉందేమో చూశాం. లేదు. ఉండకూడదు కూడా.

అంటే కాయిల్ నిక్షేపంలా ఉంది. ఇంజిన్ విప్పి మార్చేద్దామన్న కాయిల్!

ఆ నల్లటి పిన్ను

"ఇప్పుడు చేతిలో ఉన్న కప్లర్ని చూడు" అన్నారాయన. అప్పటిదాకా మూతి వైపే చూస్తున్నానుగానీ లోపలికి చూడలేదు. తిప్పి చూస్తే మూడు రంధ్రాల్లో రెండు తెల్లగా ఉన్నాయి. మూడోదాని చుట్టూ ప్లాస్టిక్ మాడి, అడుగంటిన పాలగిన్నెలా గోధుమరంగులోకి తిరిగింది. లోపలి పిన్ను నల్లగా బొగ్గైపోయింది.

జరిగిందేమిటంటే, పిన్ను కొంచెం వదులైంది. వదులైన చోట కరెంటుకి అడ్డు ఏర్పడుతుంది. అడ్డున్న చోట వేడి పుడుతుంది. వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, తుప్పు పడుతుంది. అలా రోజురోజుకీ ముదురుతుంది. నెలకోసారి బండికి పైపుతో వాటర్ సర్వీసింగ్ చేయించేదాన్ని. ఆ నీళ్ళు కొన్ని లోపలికి చేరి ఉంటాయి. తుపాను వాన మిగిలిన పని పూర్తి చేసినట్టుంది. మూడు దారుల్లో ఒక దారి దాదాపు మూసుకుపోయింది. మిగిలిన రెండు దారుల్లో వచ్చేది హెడ్‌లైటుకే సరిపోయేది కాదు. కొరవ పడ్డదంతా బ్యాటరీ ఇచ్చుకుంటూ వచ్చింది.

మాడిన ముక్క కత్తిరించి, కొత్త కప్లరుకి కొత్త పిన్నులు బిగించి, టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగారు. పక్కనే ఉన్న ఎర్త్ వైరు బోల్టుని గరుకు కాగితంతో రుద్ది బిగించారు. సామాను, కూలీ కలిపి నూట ఎనభై రూపాయలు.

మళ్ళీ స్టార్టు చేశాం. ఆక్సిలరేటరు పెంచాను. 13.2... 13.7... 14.1. "పద్నాలుగూ ఒకటి!" అని మా అమ్మాయి వీధంతా వినిపించేలా అరిచింది.

అప్పుడు కూడా 12.8 దగ్గరే ఆగిపోయి ఉంటే? తరవాతి అనుమానం ఆర్‌ఆర్ యూనిట్ మీదికీ, దాన్నుంచి బ్యాటరీకి వచ్చే వైరు మీదికీ వెళ్తుందట. ఇంజిన్ నడుస్తుండగా యూనిట్ ప్లస్సు వైరుకీ బ్యాటరీ ప్లస్సుకీ మధ్య కొలిస్తే సున్నాకి దగ్గరగా రావాలి. అర వోల్టు వచ్చిందంటే దారిలోనే ఎక్కడో చెడ్డ జాయింటు ఉన్నట్టు. అన్నీ బావుండి కూడా ఛార్జింగ్ రాకపోతే అప్పుడు యూనిట్ మార్చాలి. ఏది ముందు, ఏది తరవాత అన్న వరసలోనే ఉంది కిటుకంతా. ఖర్చులేనిది ముందు చూడాలి, ఇంజిన్ విప్పేది ఆఖరున చూడాలి.

మీటరు పట్టే ముందు

* చేతి గాజులు, ఉంగరాలు, గడియారం తీసేయండి. మెడలో గొలుసు లోపలికి దోపుకోండి. బంగారమైనా ఇనుమైనా బ్యాటరీ రెండు కొసలకీ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి, చర్మం కాలుతుంది.
* చున్నీ, కొంగు, జడ బిగించుకోండి. ఇంజిన్ నడుస్తుండగా గొలుసు, చక్రం దగ్గరికి వెళ్ళనివ్వకండి.
* తలుపులు మూసిన గదిలో ఇంజిన్ నడపకండి. పొగలో ప్రాణం తీసే వాయువు ఉంటుంది. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకండి.
* కాయిల్ దగ్గర కొలిచే ఏసీ షాక్ కొట్టగలదు. చేతులు పొడిగా ఉండాలి. మీటరు తీగల ఇనుప మొనలు తాకకూడదు. మొదటిసారి తెలిసినవాళ్ళ దగ్గరే చేయండి.
* మీటరు ఎర్ర తీగని 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి బ్యాటరీకి పెట్టకండి. నిప్పురవ్వలు లేస్తాయి, మీటరు పాడవుతుంది.
* బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు ఆఖరున.
* ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "ఛార్జింగ్ ఉందా" అని చూసే పాత పద్ధతి మానేయండి. ఇప్పటి బండ్లలో ఎలక్ట్రానిక్ సామాను కాలిపోవచ్చు.
* 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోలు బండ్లలో చాలావాటికి పెట్రోలు అందించే పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది. బ్యాటరీ అడుగంటితే కిక్కుతో కూడా లేవకపోవచ్చు. అందుకే వాటికి ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఇప్పుడు మా ఇంట్లో...

పాత మెకానిక్కు దగ్గరికే మళ్ళీ వెళ్ళాను. బ్రేకులు బిగించాల్సి వచ్చిందిలెండి! మాడిపోయిన కప్లర్ని దాచి ఉంచాను. తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నేను దీన్ని చూడలేదమ్మా. చూడాల్సింది" అన్నాడు. ఆ మాట అన్నందుకు అతని మీద నాకున్న కోపం పోయింది. ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే నాతోనే చెబుతాడు. "మీ ఆయన్ని పంపించమ్మా" అనడంలేదు.

జనవరిలో సంక్రాంతి వెళ్ళాక కొల్లిపర రూటు మళ్ళీ మామూలుగా తిరిగాను. తాతగారు గుమ్మంలో కూర్చుని, "ఐదింబావుకే వచ్చేశావే! నేనింకా పళ్ళు కూడా తోముకోలేదు" అన్నారు. ఎంత హాయిగా అనిపించిందో! అత్తగారు బండి అమ్మేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మొన్న ఏకాదశికి నా వెనకే ఎక్కి గుడికి వచ్చారు. దిగాక, "లైటు బాగానే వెలుగుతోందే!" అన్నారు. అంతకన్నా మెప్పు ఆవిడ నోటి నుంచి నేను ఆశించలేదు.

నేను మెకానిక్కుని అయిపోలేదండీ. టంకం వెయ్యడం ఇప్పటికీ రాదు. కాయిల్ నిజంగా పోతే మార్చడం అసలే రాదు. కానీ "ఏం పోయింది?" అని అడిగేటప్పుడు నా చేతిలో నాలుగు అంకెలుంటాయి. అంకెలున్న మనిషిని ఎవరూ తేలిగ్గా తీసిపారేయరు.

మా వంటింట్లో క్యాలెండరు మీద పాల లెక్క రాస్తుంటాం. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ లెక్క పక్కనే మా అమ్మాయి మరో రెండు అంకెలు రాస్తుంది: ఆపి ఉన్నప్పుడు ఇంత, నడుస్తున్నప్పుడు ఇంత. ఈ నెలవి 12.7, 14.2. మీ పంచలోనూ ఒక బండి ఉండే ఉంటుంది. ఈసారి ఎవరైనా "బ్యాటరీ పోయింది" అంటే, పర్సు తీసే ముందు ఒక్క మాట అడగండి: "ఛార్జింగ్ ఎంత చూపిస్తోంది?"